పట్టిక అడుగున నాలుగు కేసులు

హఫ్సా భవానీపురంలోని ఆ మేడమీది ఆఫీసుకు వచ్చేసరికి ఖాజా మొహిద్దీన్ టేబుల్ ఫ్యానును తిట్టిపోస్తున్నాడు. పోలీసు ఉద్యోగం వదిలి ప్రైవేట్ డిటెక్టివ్‌గా బోర్డు కట్టి ఆరేళ్ళయినా ఆయన గొంతులోంచి స్టేషను ఇంకా పోలేదు. సహాయకురాలు సాయిశ్రీకి ఆయన తెలివంటే ఎంత గురో, ఆ గొంతంటే అంత విసుగు.

"నా మీద పోలీసు కంప్లయింటు ఇస్తారటండీ. సోమవారం దాకా టైమిచ్చారు," అంటూ హఫ్సా కుర్చీలో కూలబడింది.

గుణదలలో లాయరు పాండురంగయ్యగారి ఆఫీసులో ఆమెది కంప్యూటర్ పని. కృష్ణా డెల్టా కౌలు చట్టాల మీద ఆయన పదకొండేళ్ళుగా ఇంగ్లీషులో రాస్తున్న పుస్తకం పద్నాలుగు వందల పేజీలకు చేరింది. అందులో ఉదహరించిన పాత తీర్పులన్నిటికీ చివర ఒక పట్టిక ఉండాలి. ఏ కేసు ఏ పేజీలో ఉందో చెప్పే ఆ పట్టికను తయారుచేసింది హఫ్సాయే.

"అందులో నాలుగు కేసులు అసలు లేనే లేవటండీ. జూనియర్ దుర్గాశంకర్‌గారు లైబ్రరీలో తీర్పుల సంపుటాలు తీసి చూస్తే ఆ పేజీల్లో వేరే తీర్పులున్నాయట. డబ్బు తీసుకుని దొంగ కేసులు ఎక్కించావా అని లాయరుగారు అంటున్నారు."

"ఎక్కించావా?" అన్నాడు మొహిద్దీన్.

"నాకు లా రాదండీ!"

"అది జవాబు కాదమ్మా."

"ఎక్కించలేదు!" హఫ్సా గొంతు ఒక్కసారిగా లేచింది. "రెండు నెలలు కళ్ళు పోయేలా పనిచేశాను. చివరికి దొంగనయ్యాను."

మొహిద్దీన్ ఫ్యానును వదిలేసి చొక్కా తొడుక్కుని, సాయిశ్రీని కూడా బయల్దేరమన్నాడు.

గుణదల ఆఫీసులో కరెంటు పోయి ఉంది. కంప్యూటర్ చీకటిగా ఉంది. పాండురంగయ్య విసనకర్రతో విసురుకుంటూ, "ఇందులో విచారించడానికేముందండీ? పని చేసింది ఆ పిల్ల. తప్పు ఆ పిల్లది," అన్నాడు.

"మరెవరూ ఆ కంప్యూటర్ ముట్టుకోరా?"

"ప్రూఫులు దిద్దడానికి దుర్గాశంకర్ కూర్చుంటాడు. మా గుమాస్తా వెంకటకృష్ణారావూ కూర్చుంటాడు. నేను దాని జోలికే పోను."

కరెంటు వచ్చాక హఫ్సా తన పని చూపించింది. "పుస్తకమంతా ఉత్త టెక్స్టు ఫైళ్ళండీ. అక్షరాలు తప్ప ఇంకేం ఉండవు. కేసు ఉన్న ప్రతి లైను ముందూ ఒక గుర్తు పెడతాం. ఒక కమాండు ఆ గుర్తున్న లైన్లని ఏరుతుంది. ఇంకోటి వాటిని సంవత్సరాల వరసలో పేరుస్తుంది. ముందు అంకెలు, తర్వాత అక్షరాలు, అదీ దాని పద్ధతి."

మొహిద్దీన్ ప్రింటు తీసిన పట్టికను చివరి నుంచి తిప్పాడు. దొంగ కేసులు నాలుగూ ఆఖరి పేజీ అడుగున వరసగా ఉన్నాయి.

"ఇది 1968 కేసు కదా. 2000 సంవత్సరం కేసుల కింద ఎందుకు కూర్చుంది?"

"మూడు రోజులుగా నేనూ అదే ఏడుస్తున్నానండీ. ఇంకో విచిత్రం చూడండి." ఆమె 1968 అని టైపు చేసి వెతికింది. ఆ ఏటి కేసులన్నీ తెరమీదికొచ్చాయి, ఆ ఒక్కటి తప్ప. "ఎదురుగా కనపడుతుంది. వెతికితే దొరకదు. పిచ్చెక్కుతోంది!"

సాయిశ్రీకి కూడా పిచ్చెక్కేలా ఉంది. మొహిద్దీన్ మాత్రం మొదటిసారి నవ్వాడు.

దుర్గాశంకర్ పొడిపొడిగా జవాబులిచ్చాడు. టైపింగు ఎక్కడ నేర్చుకున్నారంటే కంప్యూటర్ సెంటర్లో అన్నాడు. పుస్తకం మీద తన పేరు కూడా వేస్తానన్న పెద్దాయన మాట తప్పారని దాచకుండా చెప్పాడు. ఇతనేనని సాయిశ్రీ మనసులో తీర్పు ఇచ్చేసింది.

వెంకటకృష్ణారావు అరవైకి దగ్గర పడ్డ మనిషి. "ఇరవయ్యెనిమిదేళ్ళ నుంచి అయ్యగారి దగ్గరే ఉన్నానండీ. మొదట్లో ఈ పట్టిక నేనే చేసేవాణ్ణి. ఒక్కో కేసుకి ఒక్కో కార్డు, మిషను మీద కొట్టి," అంటూ కిటికీ పక్కన దుమ్ము పట్టిన అట్టపెట్టెలు చూపించాడు. వాటి పక్కనే ముసుగేసిన పాత ఇంగ్లీషు టైపు మిషను ఉంది.

మొహిద్దీన్ ముసుగెత్తాడు. "సాయిశ్రీ, పైవరస చూడు."

చూసింది. 2, 3, 4 అంటూ తొమ్మిది దాకా అంకెలున్నాయి. "ఏముంది సార్ ఇందులో?"

"కళ్ళుంటే సరిపోదు," అని ముసుగు దించేశాడాయన. ఆమె పళ్ళు కొరుక్కుంది.

సాయంత్రం అందర్నీ కంప్యూటర్ చుట్టూ కూర్చోబెట్టాడు. హఫ్సా, దుర్గాశంకర్, వెంకటకృష్ణారావు ముగ్గురి చేతా ఒకరి తర్వాత ఒకరిగా ఒకే తేదీ టైపు చేయించాడు. 11-11-1961. తెరమీద మూడూ ఒకేలా ఉన్నాయి.

"ఇప్పుడు 1961 అని వెతుకమ్మా."

రెండే దొరికాయి.

"పాత టైపు మిషన్లు చాలావాటికి ఒకటి అంకె ఉండదు," అన్నాడు మొహిద్దీన్. "దాని బదులు ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం కొడతారు. కాగితం మీద తేడా తెలియదు. మనిషి కంటికి ఈ తెరమీదా తెలియదు. కానీ కంప్యూటర్‌కి అది అంకె కాదు, అక్షరం. అందుకే ఆ కేసులు అంకెలన్నిటి కిందికి పోయాయి. అందుకే వెతికితే దొరకలేదు. ఈ గదిలో ఆ మిషను మీద చెయ్యి తిరిగినవారు ఒక్కరే. ఇప్పుడు వెతికితే దొరకని ఆ ఒక్క తేదీ కూడా ఆయన కొట్టిందే. ఏమంటారు రావుగారూ?"

వెంకటకృష్ణారావు కిటికీ పక్కనున్న అట్టపెట్టెల వైపు తిరిగాడు.

"రెండువేల పైచిలుకు కార్డులండీ," అన్నాడు. "పదకొండేళ్ళ పని. ఈ అమ్మాయి వచ్చి రెండు నెలల్లో... కార్డులు ఇక మూలన పడెయ్యమన్నారు అయ్యగారు. కంప్యూటర్ తప్పులు చేస్తుందని తేలితే మళ్ళీ కార్డులే తీస్తారనుకున్నాను. పోలీసుల దాకా పోతుందనుకోలేదు."

"లాయరుగారు నా మీద కేకలేస్తుంటే మీరు పక్కనే నిలబడ్డారు," అంది హఫ్సా. "నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చారు. ఒక్క మాట చెప్పలేదు."

పాండురంగయ్య విసనకర్ర బల్లకేసి కొట్టాడు. "ఇప్పుడే బయటికి నడు!"

"మీరు కాస్త ఆగండి," అని కసిరాడు మొహిద్దీన్. "విచారించకుండా ఆడపిల్లని దొంగని చేసింది మీరు. ముందు ఆమెకి క్షమాపణ చెప్పండి."

పాండురంగయ్య క్షమాపణ గొణిగాడు. హఫ్సా దాన్ని రాతలో ఇమ్మంది. రాసిచ్చాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఆమె అంది: "రావుగారిని సోమవారం దాకా పంపకండి. ఇంకేమైనా ఎక్కించారో లేదో తేలాలంటే ప్రతి కేసూ ఆ కార్డులతో సరిచూడాలి. ఆయనే చదవాలి. నేను పక్కనుండి చూస్తాను."

ఆదివారం మధ్యాహ్నం పని ఎంతవరకొచ్చిందో చూసి రమ్మని మొహిద్దీన్ సాయిశ్రీని పంపాడు. ఆఫీసులో వెంకటకృష్ణారావు, హఫ్సా ఇద్దరే ఉన్నారు. ఆయన కార్డు తీసి చదువుతున్నాడు, ఆమె పట్టికలో టిక్కు పెడుతోంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

ఒక కార్డు దగ్గర ఆయన ఆగిపోయాడు. పట్టిక చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ కేసు పట్టికలో లేదమ్మా. నేనేమీ చెయ్యలేదు, నిజంగా."

హఫ్సా ఫైలు తెరిచి ఆ లైను వెతికి పట్టుకుంది. కేసు ఉంది, ముందు ఉండాల్సిన గుర్తే లేదు.

"నేను పెట్టడం మర్చిపోయానండీ. ఇది నా తప్పే," అని గుర్తు పెట్టి, "తర్వాతది చదవండి," అంది.