రమ్మన్న హారన్

కొల్లాపూర్ దిగువన మా రేవులో కృష్ణ దాటడానికి మిగిలింది ఎల్లన్న పడవ ఒక్కటే. అవతలి ఒడ్డున మిరప ఏరడానికి పోయే కూలీలం అందరం పొద్దున్నే అందులోనే ఎక్కాలి. నా మొగుణ్ణి చంపినవాడి పడవ అది. అయినా రోజూ ఎక్కేదాన్ని. ఎక్కి, ఇంజను పక్కన, సరిగ్గా వాడికి ఎదురుగా కూచునేదాన్ని. నా మొహం చూస్తూ నడపాలి వాడు.

నా మొగుడు ప్రదీప్ పెళ్లికి ముందు మంగళూరులో సముద్రం మీద చేపల పడవల్లో పనిచేశాడు; పెళ్లయ్యాక మా రేవులోనే పడవ నడిపాడు. అక్కడ పడవలు హారన్లతో మాట్లాడుకుంటాయట. ఆ మాటలు నాకూ, రేవులో ఎల్లన్నకూ నేర్పింది అతనే. ముందు పడవను కుడివైపు నుంచి దాటాలంటే రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి కూత. ముందున్నవాడు రమ్మంటే పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. వద్దంటే వరసగా ఐదు పొట్టివి. ముందున్నవాడికి నీళ్లు తెలుస్తాయి, వాడి మాట నమ్మాలి అనేవాడు.

నమ్మాడు. 2005 చలికాలంలో, పొగమంచులో, కుడివైపు నుంచి దాటుతానని అడిగాడు. ఎల్లన్న రమ్మన్నాడు. ఆ ఏడు నీళ్లు తొందరగా తగ్గి, కుడివైపున డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊరి రాతిగోడలు పైకి వస్తున్నాయి. ముందురోజే ఎల్లన్న పడవ అడుగు వాటికి గీసుకుంది. తెలిసే రమ్మన్నాడు. జనమంతా ప్రదీప్ పడవే ఎక్కుతున్నారని వాడి కడుపుమంట.

నేను ఒడ్డున నిలబడి ఆ కూత విన్నాను. ప్రదీప్ పడవ ఆ గోడలకు గుద్దుకుని మునిగింది; అందులో ఒక్కరూ బతకలేదు. "నేను హారనే కొట్టలే. వాడే దుడుకుగ జొచ్చిండు" అన్నాడు ఎల్లన్న. ఊరు వాణ్ణే నమ్మింది. జనాన్ని ముంచినోడి పెళ్లామని నాకు పేరు పెట్టింది. వాడి నోటితో వాడే నిజం చెప్పాలి, పడవలో అందరూ వినాలి. అంతే చాలు నాకు అనుకునేదాన్ని.

మరుసటి చలికాలం ఒక పొద్దున పడవ ముక్కు కూడా కనబడనంత మంచు పట్టింది. పాచి వాసన, డీజిల్ పొగ. నది నడుమకు వచ్చాక వెనక నుంచి ఇంకో ఇంజను చప్పుడు వినిపించింది.

"ఎవరిదే ఆ పడవ?" పక్కనున్న రంగమ్మత్త గుసగుసగా అడిగింది.

"మన రేవుల ఇంగో పడవ యాడుందత్తా?"

అప్పుడు హారన్ మోగింది. రెండు పొడుగు. ఒక పొట్టి.

ఎల్లన్న మొహంలో నెత్తురు లేదు. బ్యాటరీకి తగిలించిన హారన్ మీట నొక్కాడు. పలకలేదు. మళ్లీ మళ్లీ నొక్కాడు... మీట టకటకలాడింది తప్ప కూత లేదు.

వెనక చప్పుడు దగ్గరైంది. రెండు పొడుగు. ఒక పొట్టి.

"ఆ దినం నువ్వేం జవాబిచ్చినవో చెప్పు" అన్నాను. "అందరు ఇనాలె."

వాడు మీట వదిలేశాడు. "రమ్మన్న... నేనే రమ్మన్న. గోడలున్నయని తెల్సే రమ్మన్న." నా చెయ్యి పట్టి మీట మీద పెట్టాడు. "నీకు పలుకుతదేమో చెల్లె. వద్దని కొట్టు. నీ కాళ్లు మొక్కుత."

రంగమ్మత్త నా భుజం పట్టుకుంది. "చెప్పిండు గదనే బిడ్డా. ఇడిచిపెట్టు."

నేను అడిగింది నాకు దొరికింది. కానీ ఏడాదిపాటు నేను పడ్డ మాటలు ఆ రెండు ముక్కలతో తీరేవా?

నొక్కాను. పొడుగు... పొట్టి... పొడుగు... పొట్టి.

నా వేలి కింద హారన్ చక్కగా పలికింది.

కుడివైపు నీళ్లు లేచాయి. మంచులో నల్లగా ఒక పడవ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. కుళ్లిన తడిబట్టల వాసన. దాని అంచు పొడుగునా చేతులు... పట్టుకుని ఉన్న చేతులే తప్ప మొహాలు కనబడలేదు. అది దాటిపోయాక చూస్తే ఎల్లన్న లేడు. నీళ్లలో పడ్డ చప్పుడు కూడా కాలేదు.

నాకు సంతోషమేసింది. దాచుకోను. చుక్కాని నేనే పట్టుకున్నాను.

ముందు ఆ ఇంజను చప్పుడు దూరమై... ఆగింది. తర్వాత మూడు పొట్టి కూతలు.

ఆ కూత కూడా ప్రదీప్ నేర్పిందే. 'నేను వెనక్కి వస్తున్నా' అని దానికి అర్థం. మా పడవలకు వెనక్కి నడిచే గేరు లేదు. ఈ నదిలో ఎవరూ ఎన్నడూ కొట్టని కూత అది.

చప్పుడు మళ్లీ దగ్గరవుతోంది. మంచులో దాని వెనక భాగం నల్లగా పెరుగుతోంది. నేను మీట నొక్కాను, వద్దని. పలకలేదు.

కుడివైపు బల్ల మీది కూలీలు ఒక్కొక్కరే లేచారు. తలగుడ్డలు సవరించుకుని సద్దిగిన్నెలు చంకన పెట్టుకున్నారు, ఒడ్డు వచ్చినట్టుగా. ఎవరి కళ్లలోనూ భయం లేదు.

రంగమ్మత్త కూడా లేచింది. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె నెమ్మదిగా విడిపించుకుంది.

"ఇడువే" అంది. "నువ్వే గదా రమ్మన్నవ్."