నీలం సున్న బాయి

చొప్పదండి అవతల గుట్ట కింద ఒక బాయి ఉండేది. పొద్దు గూకినంక ఆ దిక్కు కుక్క గూడ పోయేది కాదు. లోపట్నుంచి గడ్డపార సప్పుడు... ఆడమనిషి మూలుగు... ఇన్నోళ్లకు మూడొద్దులు జొరం. గిది నేను పుట్టిచ్చిన ముచ్చట కాదు, సర్వే పార్టీల గొలుసు పట్టిన సిద్దిరాములు చెప్పింది. నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె లేదు.

నైజాం పోయి పదేండ్లు దాటింది. ఎండకాలం. నక్షా గీసే సాహెబు గుడారమేసుకొని ఊరూరు తిరుగుతుండు. ఆయన కాయిదం మీద అన్నిటికి గుర్తులే. పి.ఓ. అని రెండక్షరాలుంటె పోస్టాఫీసు. తెగి తెగి పోయే ఎర్రగీత కాలిబాట. చిన్న సున్న చుడితె బాయి — నీలం సున్నయితె నీళ్లున్నయి, ఉత్త సున్నయితె ఎండింది. బాయిలు చూసొచ్చే పని సిద్దిరాములుది. గడ్డ మీద నిలబడి రాయి ఇసురుడు, చెవి పెట్టి ఇనుడు. బుడుంగుమంటె నీలం. ఠప్పుమంటె ఉత్త సున్న.

గీ బాయి కాడికి మాత్రం పోలే. తొవ్వల కూసోని బీడి తాగొచ్చి, "ఎండింది సార్" అన్నడు.

సాహెబు కలం ఆపిండు. "రేపు పొద్దుగాల నేనే చూస్త. అబద్ధమైతె మూట సర్దుకో."

ఇంకేమున్నది! ఇంటి కాడ నలుగురు పిల్లలు, ఉన్నది గా ఒక్క నౌకరి. అందరు పండుకున్నంక కొండగట్టు అంజన్నకు మొక్కి బయలెల్లిండు.

గాలి లేదు. బాయి ఇంక పది అంగలున్నదనంగ — దడ్... దడ్...

ఎనుకకు ఉరికితె నౌకరి పాయె. ముందుకు పోతె పానం పాయె. కండ్లు మూసుకొని చేతికందిన రాయి ఇసిరిండు.

బుడుంగు లేదు. ఠప్పు లేదు.

"అయ్యో నా నెత్తి! ఎవడ్రా బద్మాష్?"

సిద్దిరాములు అక్కడనే కూలబడ్డడు. బాయిలకెల్లి ముందు ఒక చెయ్యి... ఎనుక బురద కొప్పు...

"దయ్యమవ్వా, నన్ను ఇడ్సిపెట్టు!"

"దయ్యానికి బొడిపె కడుతదారా?" అన్నది ముసలిది, నెత్తి రుద్దుకుంట.

ఆమె ఐలవ్వ. ఆ బాయి ఆమె పెనిమిటి తవ్విండు. ఆయన సచ్చినంక పక్క పొలాలోళ్లు నీళ్లన్ని గుంజుకుంటుంటె, దయ్యమున్నదని తనే పుకారు లేపింది. రాత్రిపూట పూడిక తీసుకొని, గుట్ట చాటున మిర్పతోట పారిచ్చుకుంటది.

సిద్దిరాములు సున్నల సంగతి చెప్పిండు. ఐలవ్వకు దుఃఖమొచ్చింది.

"నీలం పెడితె మంది ఎగబడుతరు బిడ్డా. నా తోట ఎండుతది."

"ఉత్త సున్న పెడితె నా పిల్లలు ఎండుతరవ్వా."

ఇద్దరు గడ్డ మీద కూసోని చెరొక బీడి ముట్టిచ్చిండ్రు. బీడి అయిపోవస్తుంటె సిద్దిరాములుకు మతికొచ్చింది — జాగ పేరు సాహెబు తన ఇష్టమొచ్చినట్టు రాయడు. ఊరోళ్లను ముగ్గురినడిగి, వాళ్లేమంటె గదే రాస్తడు.

తెల్లారకముందే సాహెబు కాళ్ల మీద పడ్డడు. "తప్పయింది సార్, నీళ్లున్నయి." సాహెబు తిట్టరాని తిట్లు తిట్టి, పోనీలే అని నీలం సున్న చుట్టిండు. పేరేందని ముగ్గురినడిగిండు. ముగ్గురు ఒక్కటే మాట చెప్పిండ్రు.

రెండేండ్లకు అచ్చయిన నక్షా పట్టుకొని, సిద్దిరాములును ఎంటబెట్టుకొని, కొత్త సాహెబు గా గుట్ట కాడ దిగిండు. మునిమాపుల ఏళ. "నీలం గుర్తున్నది, గుడారం ఈడనే ఎయ్యుండ్రి" అన్నడు. గుర్తు పక్కన అచ్చక్షరాలు చదివిండు. దయ్యాలబాయి. మొఖం పాలిపోయింది.

"గిది నిజమేనా?" అన్నడు మెల్లగ.

"సర్కారు నక్షా అబద్ధం చెప్పుతదా సార్?" అన్నడు సిద్దిరాములు.

అప్పుడే గుట్ట కింద — దడ్... దడ్...

గుడారం ఆ రాత్రికి రాత్రే పెద్దపల్లి దిక్కు పోయింది. సిద్దిరాములు ఇంట్ల మాత్రం ఆ యేడు మిర్పకాయలకు కొదువ లేకుండె.