మడమల రాయి

ఆ ఇంట్లో స్నానాల గది కోసం రోజూ యుద్ధమే. ఆ పొద్దున గెలిచింది నాన్న. పగిలిన మడమలు రుద్దుకుందామని మూలనున్న గరుకు రాయి అందుకున్నాడు. వేళ్ళకి జిగటగా ఏదో తగిలింది. వెలుతురులో పెట్టి చూస్తే రక్తం, దాంతోపాటు పచ్చటి చీము.

"ఛీ ఛీ! నా రాయి ఎవరు ముట్టుకున్నారు?" అని అరుస్తూ రాయితో సహా బయటికి వచ్చాడు.

వంటగదిలో అమ్మ చెయ్యి ఆగిపోయింది. బల్ల దగ్గర పదిహేనేళ్ళ కూతురు మొహానికి పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నేనే, మీరు లేవకముందు," అంటూ పుస్తకం దించింది. మొటిమలన్నీ చితికి, రెండు బుగ్గలూ పుండ్లు పడ్డాయి.

నాన్న చప్పున మొహం తిప్పుకున్నాడు. "బుద్ధుందా నీకు? కాళ్ళు రుద్దుకునే రాయితో మొహం రుద్దుకుంటారా ఎవరైనా? తలుచుకుంటేనే రోత పుడుతోంది!"

"నువ్వేగా అన్నావు, అదంతా మురికి, గట్టిగా రుద్దితే పోతుందని! నీ సెలూన్ వైపు రావద్దన్నావు. నన్ను చూస్తే వచ్చే గిరాకీ కూడా పోతుందన్నావు. ఇవాళ స్కూల్లో క్లాసు ఫొటో. నేను వెళ్ళను. ఇంకెప్పటికీ స్కూలుకి వెళ్ళను."

"ఏదో సరదాకి అన్నానే..."

"సరదానా?" అమ్మ పొయ్యి కట్టేసి వచ్చింది. "పక్కింటావిడ నిన్న మిమ్మల్ని ఒకటే పొగడటం! వాళ్ళబ్బాయిని సెలూన్లో కూర్చోబెట్టి చెప్పారట. గిల్లకు, రుద్దకు, రెండు పూటలా వాసన లేని సబ్బుతో మెల్లగా కడుక్కో, ఖరీదైన క్రీములకి డబ్బు తగలెయ్యకు, మందుల షాపులో చవగ్గా దొరికే చిన్న ట్యూబు చాలు అని. పరాయి పిల్లాడికైతే మొటిమలు, మన పిల్లకైతే మురికా?"



"ఊళ్ళో అందరి మొహాలూ ముట్టుకుంటావు," అంది కూతురు. "నా మొహం ఒక్కసారైనా ముట్టుకున్నావా నాన్నా?"

నిజమే. ఇరవై ఏళ్ళుగా ఎన్ని చెమట మెడలు, ఎన్ని చుండ్రు తలలు! ఎవరి దగ్గరా ముక్కు చిట్లించి ఎరగడు. వాళ్ళు డబ్బులిచ్చేవాళ్ళు మరి. కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని అసహ్యమూ పుట్టుకొచ్చింది పెద్దమనిషికి. ఆ అసహ్యమే ఇప్పుడు మళ్ళీ పుట్టింది. ఈసారి తన మీద తనకే.

రాయిని చెత్తబుట్టలో పారేసి, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. సెలూన్ కోసం ఉతికి మడతపెట్టిన తువ్వాలొకటి తీశాడు. కూతుర్ని కుళాయి దగ్గర కూర్చోబెట్టి, వేళ్ళ కొసలతో మొహం తడిపి, తువ్వాలు మెల్లగా అద్దాడు.

"మండుతోందా?"

"కొంచెం."

"సాయంత్రం డాక్టర్‌కి చూపిద్దాం. పుండ్లు మానాకే ట్యూబు. పూర్తిగా తగ్గడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు."

"నీకు అసహ్యంగా లేదా?"

"ఉంది తల్లీ," అన్నాడు. "నేనన్న మాటలు తలుచుకుంటే."

ఆ పిల్లకి ఏడుపు ఆగలేదు. ఆయన చేతులు తీయలేదు.

ఏడుపు తగ్గాక అడిగింది, "స్కూలు గేటు దాకా వస్తావా? అందరూ చూస్తారు."

"చూడనీ."

ఆ రోజు సెలూన్ గంట ఆలస్యంగా తెరుచుకుంది. ఎందుకని అడిగిన ప్రతి గిరాకీకీ, "మా అమ్మాయికి ఇవాళ ఫొటో," అని చెప్పాడాయన.