తలలు మారిన గొంతు

పూతలపట్టు కూడలిలో మూతపడిన లాడ్జీ మీది గదికి చెడ్డపేరుంది. చీకటి పడితే ఆ మెట్లవైపు కుక్క కూడా పోదంటారు.

దెయ్యాలకు భయపడే రకం కాదు మునిచంద్ర. దెయ్యాలే వీణ్ణి చూసి పక్కకు తప్పుకోవాలి... అని వాడే చెప్పుకుంటాడు. పగటిపూట. పదిమంది మధ్యన.

ఆ గది ఒక ఆర్కెస్ట్రా వాళ్లది. కీబోర్డు వాయించే వరదయ్య పోయినప్పటి నుంచి, రాత్రిళ్లు ఆ కీబోర్డు దానంతటదే మూలుగుతుందని ఊరంతా చెప్పుకుంటుంది.

“లోపలి బ్యాటరీ చావుకొస్తే మూలగక, మంగళహారతి పాడతాదా?” అన్నాడు మునిచంద్ర. తిరుపతిలో కంప్యూటర్ చదువు వెలగబెట్టినాడు మరి.

వరదయ్య కూతురు లీలావతి నవ్వలేదు.

“ఆ బ్యాటరీ పోతే అందులో ఉండేదంతా పోతాది. నాయన రికార్డు చేసిన నాదస్వరం అందులోనే ఉండాది. ఇంకో కాపీ లేదు. తీస్తావా, లేదా?”

“నువ్వు టీ తెచ్చే లోపల తీస్తా లీలక్కా.”

ఆమె టీకి పోయింది. గదిలో వాడొక్కడే. ముందు కీబోర్డుకు మైకు పెట్టి, పనిచేస్తాదో లేదో అని గొంతు బిగించి రికార్డు చేసినాడు — “ఎవరప్పా ఆడ? దమ్ముంటే నా ముందరికి రా.”

తర్వాత కీబోర్డులోని సమాచారమంతా లాప్‌టాప్‌లోకి దించినాడు.

ఆ పాత సామాను దేన్నీ ఉన్నదున్నట్టు పంపదు. శబ్దాన్ని అంకెలుగా మార్చి, ఏడేసి అంకెలకు తలలు కోస్తుంది. ఆ తలలన్నీ ఒక మూట కట్టి ముందు పంపుతుంది, మొండేలు వెనక వస్తాయి. ఎవరి తల వాళ్లకు అతికిస్తేనే శబ్దం.

అతికించినాడు మొనగాడు. ప్లే నొక్కినాడు.

గర్ర్ర్... అని ఏదో గీరుకున్నట్టు... దాని అడుగున, గొంతు పిసుకుతున్నట్టు —

“...ముందరికి... రా...”

ఇంతలో కరెంటు పోయింది. లాప్‌టాప్ మాత్రం మళ్లీ మళ్లీ పిలుస్తూనే ఉంది.

“...రా...”

మునిచంద్ర మెట్లు దిగలేదు, రాలినాడు. ఒక చెప్పు పైనే ఉండిపోయింది. టీ ఫ్లాస్కుతో ఎదురొచ్చిన లీలావతి, పైనుంచి వచ్చే ఆ గొంతు విని నిలబడిపోయింది.

“బ్యాటరీ తెల్లారేదాకా ఆగుతాదా?” అని మెల్లగా అడిగింది.

ఆగదని వాడికి తెలుసు; దించింది సరిగ్గా వచ్చిందో లేదో మాత్రం తెలీదు. మెట్టు మీద కూలబడినాక అప్పుడు తట్టింది — ఇందాక తాను మూటలోని తలలను వెనకనుంచి ముందుకు పంచేసినాడు. మొదటివాడి తల ఏడోవాడికి!

లీలావతిని ముందు పెట్టుకుని మళ్లీ ఎక్కినాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని తలలు సరిచేసినాడు. ఇందాక మోగిన రికార్డు విన్నాడు, ముఖం మాడ్చుకుని చెరిపేసినాడు. హెడ్‌ఫోన్ తీసి రెండోది వినిపించినాడు.

నాదస్వరం. గది నిండా.

లీలావతి కళ్లు తుడుచుకుంది. మూలనున్న దేవుడి పటం దగ్గర కర్పూరం వెతికింది.

“ఇందాక పిలిచింది మా నాయనే కదూ... ముందరికి రా అని?”

మునిచంద్ర ఫ్లాస్కు మూత తిప్పినాడు. మళ్లీ బిగించినాడు.

“కర్పూరం వద్దక్కా.”

“ఏం?”

“అది నా గొంతే... నేను పెట్టిన టెస్టే. ఎవరప్పా ఆడ అని అడిగిందీ నేనే, చెప్పు వదిలి పారిపోయిందీ నేనే.”