మెత్తని మట్టి

పూడ్చిపెట్టిన శవాలను వెతకడం నా ఉద్యోగం. ఈ ముక్క విన్నప్పటి నుంచీ మా వదిన నా పక్కన కూర్చుని భోజనం చేయడం మానేసింది. తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్లయినా పక్క మట్టంత గట్టిపడదు. అందుకే ఉక్కు ఊచతో అడుగడుగునా గుచ్చుకుంటూ పోతాం. ఊచ సులువుగా దిగిందా, అక్కడొక జెండా పాతుతాం.

ఈసారి ఒక తల్లి ఇంటికి వెళ్లాం. ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు మాయమై పదకొండేళ్లు. చంపినవాడు ఈమధ్యే నోరు విప్పి, ఆవిడ ఇంటి వెనకున్న ఖాళీ స్థలమే చూపించాడు.

"ఒక్క ఎముకైనా చాలు తల్లీ, ఒళ్లో పెట్టుకుంటా," అంది ఆవిడ. నాకు ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నానికి గొయ్యి దొరికింది. పూడ్చిన మట్టి మాత్రమే జాగ్రత్తగా తీశాం. గోతి గోడల మీద పార గుర్తులు నిన్న తవ్వినట్టే ఉన్నాయి. అడుగున పిల్ల చెప్పులున్నాయి. ఎముకలు లేవు... ఒక్కటి కూడా.

"ఎవరో తీసుకుపోయుంటారక్కా," అన్నాడు మా ఫొటోగ్రాఫర్.

"తీస్తే పైనుంచి మళ్లీ తవ్వాలి కదరా! పై మట్టి కదిలిందా? కళ్లేమయ్యాయి?" భయమేస్తే నాకు కోపమొస్తుంది.

అప్పుడు చూశాను. ఇంటివైపు గోడలో, అడుగున, మెత్తటి మట్టి గుండ్రంగా కనబడుతోంది. పిల్ల భుజాలంత వెడల్పు. దాని అంచున పార గుర్తుల్లేవు. నాలుగేసి గీతలు... వేళ్లవి.

పైకొచ్చి ఇంటివైపు గుచ్చాను. పైన గట్టిగా ఉంది, నడుం లోతున ఊచ జారిపోయింది. జెండా. ఇంకో అడుగు... జారింది. జెండా. అలా వంటింటి గోడదాకా పోయింది.

ఆవిడ తలుపు తీసింది. లోపల ఓ మూల గచ్చంతా చితికిపోయి ఉంది.

"ఇదేంటమ్మా?"

"పందికొక్కులు తల్లీ. ఏళ్లతరబడి కింద గోకి చంపుతున్నాయి. విసుగొచ్చి రోకలితో దంచుతా, కాసేపు ఊరుకుంటాయి. నిన్న కూడా..."

ఆవిడ నా చేతిలో ఊచ చూసింది. కిటికీలోంచి జెండాల వరస చూసింది. కూలబడి, గచ్చుకి చెంప ఆనించింది.

"బంగారూ..." గుసగుసగా పిలిచింది. "అమ్మనే..."

కింద ఒక్కసారి గోకిన చప్పుడైంది. మళ్లీ ఇంకోసారి, కాస్త దూరంగా... ఇంకా దూరంగా... గోతివైపు.

"ఇంక కొట్టనే... ఆగవే!" ఆవిడ చప్పుడు వెంట పాకుతోంది.

గోకుడు ఇంకా వేగమైంది.