షెతానీ మడుగులో తేలే తలలు

జాంజిబార్ దీవికి దక్షిణపు కొసన షెతానీ మడుగని, అంటే దెయ్యాల మడుగని, ఒకటుంది. దాని పేరెత్తితే పీతలు కూడా ఇసకలోకి దూరిపోతాయి. చీకటి పడ్డాక అక్కడ ఆడగొంతుల నవ్వులు వినిపిస్తాయట. నీళ్ళమీద నల్లటి తలలు తేలతాయట... మొండేలుండవట! తొంగిచూసిన జాలరి ఒకడు ఇల్లు చేరేసరికి జుట్టంతా తెల్లబడిపోయింది. జుట్టేమిటి, కిళ్ళీలు నమిలి నమిలి గారపట్టిన పళ్ళు కూడా తెల్లబడ్డాయట!

అలాంటి చోట జైతూని గది తీసుకుంది.

సరదాకి కాదు. పెంబా దీవిలో ఆమెకి పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. వారం వారం పడవలో దాటాలి. ఆమె అక్క పడవ తిరగబడే పోయింది — ఒడ్డు కనిపిస్తుండగానే.

"ఈతొస్తేనే పడవెక్కు. లేదా ఉద్యోగం మానుకో" అని తేల్చేశాడు మొగుడు మకామే. అతనికా, బకెట్లో నీళ్ళన్నా బెరుకే.

ముందు ఉత్తరాన తెల్ల ఇసక తీరంలో దిగారు. నీళ్ళు అద్దమే. ఒళ్ళంతా కప్పుకుని జైతూని నడుంలోతుకి వెళ్ళిందో లేదో, బట్టలు బుస్సున పొంగాయి. "తెరచాప లేచిందిరోయ్!" అని ఒడ్డున కుర్రాళ్ళ ఈలలు. మళ్ళీ దిగితే ఒట్టు. తూర్పు తీరం చూస్తే, ఆటు వేళకి సముద్రం కనుచూపుమేర వెనక్కి పోతుంది. ఈదాలంటే బురదలో దొర్లాలి. ఇక మిగిలింది ఈ మడుగే. ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మగపురుగు అటు తొంగిచూడదు.

"దెయ్యాల మధ్య ఈదుతావటే?"

"ఆ కుర్రాళ్ళకంటే దెయ్యాలే నయమయ్యా!"

ఇంటావిడ బీ తాతు, పండు ముసలిది, గది తాళం ఇస్తూ కిళ్ళీ నోటితో చెవిలో ఊదింది — "పగలు దిగు, తల్లీ. రాత్రి కిటికీ కూడా తియ్యకు..."

పగలే దిగింది. పాదానికి నేల అందకపోయేసరికి అక్క గుర్తొచ్చింది. కొట్టుకుంటూ ఒడ్డుకి పాకింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"చాల్లే. తెల్లారగానే ఊరికి పోదాం" అని మకామే మూట కట్టేశాడు.

ఆ రాత్రి అతని గురక మొదలవగానే జైతూని తలుపు తీసింది. రేపన్నది లేదు. ఇవాళ ఈత రాకపోతే ఇక ఎన్నటికీ రాదు.

చంద్రుడు లేడు. రాళ్ళు పట్టుకుని ఒక్కో అడుగే దిగుతోంది...

నవ్వు.

సన్నగా... నీళ్ళలోంచి.

కదలకుండా నిలబడిపోయింది. కళ్ళు చీకటికి అలవాటు పడుతున్నాయి. ఒక తల... పక్కన ఇంకొకటి... అదిగో, ఇంకొకటి! నల్లగా, గుండ్రంగా, ఊగుతూ — అన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి!

కాలు జారింది.

నోట్లోకి నీళ్ళు. ముక్కులోకి నీళ్ళు. అడుగన్నది లేదు... అక్కా!

గడ్డం కింద ఒక చెయ్యి పడింది. చల్లగా. నడుం కింద మరొకటి.

"బిగుసుకోకు..." గుసగుస. "కొట్టుకోకు... చుక్కల్ని చూడు..."

చూసింది. చేతులు మెల్లగా తప్పుకున్నాయి. అయినా ఆమె మునగలేదు!

"ఎ... ఎవరు మీరు?"

"దెయ్యాలం!" పక్కనున్న తల పకపకా నవ్వింది. గుప్పున కిళ్ళీ వాసన.

బీ తాతు! వెనక చేపలమ్మే ఆవిడ, మంత్రసాని, ఊరి పెద్ద కోడలు... ఊళ్ళో ఆడదన్నదల్లా మెడలోతు నీళ్ళలో ఉంది!

"పగలు మగాళ్ళ కళ్ళు, ఇంటి చాకిరీ. మాకు ఈతెక్కడిదే? మా అమ్మమ్మ పుట్టించిన దెయ్యం ఇది. కంటికి రెప్పలా చూసుకుంటున్నాం" అంది బీ తాతు. "నాలుగు రాత్రులుండు. చేపని చేసి పంపుతాం. మీ ఆయన్ని ఆపే పూచీ మాత్రం నీదే!"

తెల్లారింది. మూటతో గుమ్మంలో మకామే. "జుట్టు తడిసిందేమే?"

జైతూని కళ్ళు పెద్దవి చేసింది. "చూశానయ్యా... ఏడు! ఒక్కోదాని నాలుక కొబ్బరిచెట్టంత! ఆడవాళ్ళని ఏమీ అనవు. రాత్రి బయట దొరికిన మగాణ్ణి మాత్రం పెళ్ళాడతాయట. ఏడూ కలిసి!"

"అయితే ఇప్పుడే పోదాం పద!"

"పోవచ్చు... కానీ మధ్యలో గది ఖాళీ చేస్తే, వరుణ్ణి వెతుక్కుంటూ మన ఊరికే వస్తాయట."

మకామే చప్పుడు చెయ్యకుండా మూట విప్పాడు.