సున్నపు బట్టీ మలుపులో చక్రాల ఇల్లు

తొర్రూరు దాటి ఖమ్మం దారి పట్టాక సున్నపు బట్టీ మలుపు వస్తుంది. బట్టీ ఆరిపోయి ఏళ్లయింది. పొద్దుగూకాక అక్కడ బండి ఆపకూడదు. ఆ రోజుల్లో తొర్రూరు హోటళ్లలో ఈ మాటను చాయ్‌తో పాటు ఉచితంగా పోసేవాళ్లు.

ఎందుకంటే అక్కడ దెయ్యం ఉంది. అదీ మామూలు దెయ్యం కాదు, ఏరుకుని పట్టే దెయ్యం. ఆడవాళ్ల జోలికి పోదు. పిల్లల్ని ముట్టదు. మగవాణ్ణే పట్టుకుంటుంది... పట్టుకుని చంపుతుందా అంటే, చంపదు. ఒకట్రెండు రోజులకు తిరిగి పంపిస్తుంది. వచ్చినవాడు తల దించుకుని నడుస్తాడు. ఏమైందిరా అంటే నోరు విప్పడు. ఒకడైతే చంకలో కొత్త రేడియోతో తిరిగొచ్చాడట. రేడియో ఇచ్చే దెయ్యం ఏ లోకంలో ఉంటుందయ్యా అని అడిగితే, "నీకెందుకు, చాయ్ తాగి పో" అనేవాళ్లు.

ఈ సంగతి నాకు చెప్పింది కొత్తవాడలో మా పక్కింటి అనసూర్యక్క. ఆమె భర్త వెంకట్రాజం కూడా చెప్తాడు. కానీ ఆయన చెప్పే కథలో ఆయన దెయ్యాన్ని తరిమికొట్టాడు. అందుకని అక్క చెప్పిందే చెప్తాను.

వెంకట్రాజానికి నాలుగు పవర్‌లూమ్‌లు ఉండేవి. వాటన్నిటి కంటే ఎక్కువ చప్పుడు చేసేది ఆయన నోరు. డెబ్బై తొమ్మిదిలో ఎక్కడో ఒక ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూశాడు. తెల్లవాళ్ల కుటుంబం ఒకటి ఇల్లంత బండిలో వండుకుంటూ, పడుకుంటూ, దేశం తిరుగుతోంది. ఇక ఆగుతాడా? సర్కారు వేలంలో ఒక పాత వ్యాను కొట్టుకొచ్చాడు. ఇదేం బండి అని అక్క అడిగితే "దవాఖాన బండే తియ్" అన్నాడు. లోపల రెండు నవారు మంచాలు బిగించాడు. కిటికీలకు తన లూముల మీది గుడ్డే పరదాలుగా కట్టాడు. ఒక మూల గ్యాస్‌నూనె స్టవ్వు, ఇంకో మూల చేతులు కడుక్కునే తొట్టి. దానికి నల్లా ఉంది గానీ నీళ్లు రావు. పైన దట్టంగా ఆకుపచ్చ రంగు పూయించి, దానికి చక్రాల ఇల్లు అని పేరు పెట్టాడు. నెల రోజులు కొత్తవాడలో ఎవరినీ ఊరికే పోనివ్వలేదు. ఎక్కించి, మంచం మీద కూర్చోబెట్టి, బాగుందనిపించుకున్నాకే దింపేవాడు.

మూడేళ్ల కొడుకు మల్లికార్జున్ పుట్టెంటికలు భద్రాచలంలో తీయించాలని అక్కకు మొక్కు ఉంది. "బస్సుల పోదాం" అంది అక్క.

"ఇల్లే మన వెంట వస్తాంటే బస్సెందుకే?" అన్నాడు ఆయన.

నడి మే నెల. రేకుల బండి. తొర్రూరు చేరేసరికి లోపల రొట్టె కాల్చుకోవచ్చు. ఆరేళ్ల విజ్జి పరదా తీసి మొహం బయట పెట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చింది. మల్లికార్జున్‌కు మాత్రం ఒళ్లు కాలిపోతోంది. కళ్లు తేలేస్తున్నాడు.

"ఇగో, పోరనికి వడదెబ్బ తలిగింది. ఈడనే దవాఖానల చూపెడుదాం" అంది అక్క.

"ఖమ్మంల ఇంతకన్న పెద్దది ఉన్నది. ఫికర్ చెయ్యకు."

చాయ్ హోటలాయన మలుపు సంగతి చెప్పి, చీకటి పడుతోంది, పోవద్దన్నాడు. వెంకట్రాజం నవ్వి, "దెయ్యమొస్తే దానికి గూడ ఒక మంచమేస్త" అన్నాడు.

సరిగ్గా సున్నపు బట్టీ మలుపులోనే రేడియేటర్ కుతకుతమంది. బండి మూలిగి ఆగిపోయింది. ఆ తొందరలో వెంకట్రాజం చేసిన ఘనకార్యం ఏమిటంటే, తాగే నీళ్ల కుండ ఎత్తి మొత్తం రేడియేటర్‌లో పోశాడు. కింద పైపు పగిలి ఉందని పోశాక తెలిసింది. కుండెడు నీళ్లూ రోడ్డు తాగింది.

పిల్లవాడు పెదాలు నాకుతున్నాడు. "నీల్లు..." అంటున్నాడు. అక్క భర్త వైపు చూసింది. ఆ చూపు చూడటం కంటే దెయ్యాన్ని చూడటమే నయమనిపించిందట ఆయనకు.

చీకటి చిక్కబడింది. బట్టీ అవతల నాలుగైదు గుడిసెలు, వాటిలో దీపాలు. హమ్మయ్య అనుకుని వెంకట్రాజం సాయం కోసం హారన్ కొట్టాడు. పొడుగ్గా ఒకటి...

ఒక దీపం ఆరిపోయింది.

మళ్లీ కొట్టాడు. ఇంకో రెండు ఆరిపోయాయి. మూడోసారి కొట్టేసరికి అక్కడ గుడిసెలు ఉన్నాయనే ఆనవాలు కూడా లేదు.

"నాయినా, దీపాలెటు పోయినయ్?" అంది విజ్జి. నాయన హారన్ మీంచి చెయ్యి తీశాడు.

"బకెట్ తీస్కొని పో" అంది అక్క. "పోకుంటె నేనే పోత. నువ్వు ఈడ కూసొని దెయ్యానికి మంచమెయ్యి."

పోయాడు పాపం. పోయి చూస్తే... తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. మంచం మీద గొంగడి ఇంకా వెచ్చగా ఉంది. మంచం పట్టె మీద పెట్టిన చుట్ట పొగ వదులుతోంది. మనిషి లేడు. ఒక్కడంటే ఒక్కడు లేడు. కుక్క ఒకటి ఆయన్ని చూసి, మొరగకుండా, తోక కాళ్ల మధ్య పెట్టుకుని వెనక్కి పోయింది. కుక్క తనను చూసి భయపడటం ఆయనకు జన్మలో మొదటిసారి.

ఎదురుగా గోలెం నిండా నీళ్లున్నాయి. ముంచుకోవడం మరిచిపోయి, బకెట్ అక్కడే పారేసి, దారి తప్పి, తుమ్మ కంపల్లో పడి పరుగెత్తాడు మన శూరుడు.

ఇక్కడ వ్యానులో అక్క పిల్లలిద్దర్నీ ఒడిలోకి లాక్కుని కూర్చుంది. బయట అడుగుల చప్పుడు. కంకర మీద... మెల్లగా... బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిటికీ కింద ఆగింది.

"లోపట మొగోళ్లెంతమంది?"

గుసగుసగా వచ్చింది మాట. ముసలి గొంతు. అక్క పిల్లల్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. మగవాణ్ణి వెతుకుతోంది! భర్త మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయి, దేవుడా ఆయన ఇప్పుడు రాకపోతే బాగుండు అనుకుందట. పెళ్లయ్యాక ఆయన కోసం అంతగా మొక్కింది లేదని తనే చెప్పింది.

అప్పుడే మల్లికార్జున్ ఏడ్చాడు. సన్నగా, సత్తువ లేని ఏడుపు.

కిటికీ కింద కంకర మళ్లీ కదిలింది.

"ఆ ఏడ్పు... ఎవలిది?"

"నా కొడుకుది" అంది అక్క. "పానం బాగలేదు. నీ కాళ్లు మొక్కుత, ఏం చెయ్యకు."

"కొడుకా?" గొంతు కాస్త పెద్దదైంది. "గీ బండ్లనా?"

అక్క ధైర్యం చేసి పరదా తీసింది. నక్షత్రాల వెలుతురులో ఒక ముసలమ్మ, చేతిలో కర్ర. "పిల్లగాన్ని బయటికి తే బిడ్డా. గా బండ్ల నేను కాలు పెట్ట" అంది.

ఆమె పేరు సోమక్క. పిల్లవాణ్ణి చూడగానే కర్ర పారేసి గుడిసెకు ఉరికింది. అంబలి తెచ్చింది, మజ్జిగ తెచ్చింది, ఉల్లిగడ్డ తెచ్చింది. ఉల్లిగడ్డ దంచి రసం అరికాళ్లకు, అరచేతులకు రుద్దింది. చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ చుక్కచుక్కగా నోట్లో పోసింది. రోడ్డు పక్క మోరీ గట్టు మీద వాణ్ణి ఒళ్లో వేసుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది.

అంతలో వెంకట్రాజం వచ్చాడు. ఒంటి నిండా ముళ్లు. "మనుషులు లేరే! అన్నం ఉడుకుతాంది, తినేటోళ్లు లేరు! అది దెయ్యాల గూడెం..." అంటూ వచ్చి, సోమక్కను చూసి నిలబడ్డచోటే నిలబడిపోయాడు.

"ఎవలు నువ్వు? డాక్టరువా?" అంది సోమక్క.

"కా... కాదు పెద్దవ్వా. ఇది నా ఇల్లు. నేను కొన్న."

సోమక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత మెల్లగా, ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పిందట.

"ఎమర్జెన్సీల గీ బండి మలుపుల చీకట్ల ఆగేది. పొద్దుగూకినంక గీ తొవ్వ పట్టిన మొగోన్ని ఆపి ఎక్కించుకునేటోళ్లు. పిల్లలు పుట్టకుంట కోసి ఇడిసేటోళ్లు. ఆరుగురు పిల్లలున్నోడని లేదు, పెండ్లిగానోడని లేదు. సర్కారోళ్ల లెక్కకు మనిషి కావాలె, అంతే. రంగు మారితే గుర్తువట్టమా? ఆ హారన్ సప్పుడు సచ్చినా మర్వం. నువ్వు కొట్టంగనే మావోళ్లు వాగులకు ఉరికిండ్రు."

"నువ్వెట్ల వచ్చినవ్ పెద్దవ్వా?" అంది అక్క.

"నన్నేం కోస్తరు బిడ్డా? లోపట ఎందరున్నరో చూసి మావోళ్లకు చెప్దామని వచ్చిన. గని గా బండ్లకెల్లి పిల్లగాని ఏడ్పు వినుడు గిదే మొదలు."

ఎప్పుడూ నోరు మూయని వెంకట్రాజం ఆ రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. తెల్లవారుజామున పిల్లవాడికి చెమట పట్టి జ్వరం దిగింది. అక్క ముసలమ్మ చేతులు పట్టుకుని బోరున ఏడ్చింది.

వెలుతురు వచ్చాక వాగులోంచి మగవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. దూరంగా నిలబడ్డారు. ఒకడు మాత్రం మోరీ దాకా వచ్చాడు. సోమక్క కొడుకు యాకయ్య. పెళ్లయిన నెలకే పట్టుకుపోయారట. ఆపరేషన్‌కు ఇనాంగా ఇచ్చిన ఆ రేడియో తెచ్చుకున్నవాడు అతనే. వంగి పిల్లవాడి నుదురు ముట్టుకున్నాడు. "సల్లవడ్డదే అవ్వా" అన్నాడు. ఎత్తుకున్నాడు. వాడు అతని మీసం పట్టుకుని గుంజితే గుంజనిచ్చాడు.

వెంకట్రాజం పైపుకు పాత సైకిల్ ట్యూబు చుట్టి, గోలెం నీళ్లు పోసి బండి సిద్ధం చేశాడు. యాకయ్య పిల్లవాణ్ణి ఎత్తుకుని బండి వైపు నడిచాడు. తలుపుకు కాస్త ఇవతలే ఆగిపోయాడు.

"ఈడికెల్లి నువ్వు తీస్కో అక్కా."

వెంకట్రాజానికి నోరు తిరిగొచ్చింది. "ఇంకా భయమేంది తమ్మీ? లోపటికొచ్చి సూడు. ఇప్పుడిది మా ఇల్లేనాయె. నా పిల్లలు పండుకుంటరు అండ్ల."

యాకయ్య పిల్లవాణ్ణి అక్క చేతికిచ్చాడు. "పండుకోనియ్ సేటు" అన్నాడు. "నా పిల్లలు గూడ అండ్లనే ఉన్నరు."

భద్రాచలంలో పుట్టెంటికలు తీయించారు. రాత్రికి అక్క పిల్లల్ని తీసుకుని సత్రంలో, కటిక నేల మీద చాప వేసుకుంది. వెంకట్రాజం "మీ ఖర్మ" అని చక్రాల ఇంట్లో ఒక్కడే పడుకున్నాడు.

అక్కకు కన్ను అంటుకుందో లేదో, సత్రం తలుపు చప్పుడైంది. చూస్తే ఆయనే. చంకలో బొంత, కాళ్లకు చెప్పుల్లేవు.

"లోపట దోమలు బాగ ఉన్నయ్" అని, విజ్జి పక్కన ముడుచుకుని పడుకున్నాడు.